మహారాజు గారి నిశ్శబ్దం

పరాంకుశ మహారాజుకు ఒకనాడు నిశ్శబ్దం వినాలని బుద్ధి పుట్టింది. మామూలు నిశ్శబ్దం కాదు, తన నిండు కొలువు నోరు మూసుకుని కూర్చున్న నిశ్శబ్దం. దాన్ని రికార్డు చేసి రోజూ వింటూ పడుకోవాలట! రాజు గారి ముచ్చట, కాదనేదెవరు? లాప్‌టాప్ వచ్చింది, మైకు వచ్చింది, మనిషెత్తు స్పీకర్లు వచ్చాయి.

సభ ఊపిరి బిగబట్టింది. రికార్డు ముగిశాక మహారాజు స్పీకర్లు ఆన్ చేయించి, కళ్ళు మూసుకుని ప్లే నొక్కారు.

"గుయ్య్య్య్..."

"నా నిశ్శబ్దంలో మూలిగిందెవరు?" రాజు గారి మీసం లేచింది.

సభలో చప్పుళ్ళ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని చెప్పుకు తిరిగే మార్తాండశర్మ చటుక్కున లేచాడు. అందరి మూతులకూ గుడ్డలు కట్టించాడు. ఈగలను తోలించాడు. ఒకాయన కడుపులో పేగులు అరుస్తున్నాయని బయటికి గెంటించాడు. స్పీకర్లు ఆపి మళ్ళీ రికార్డు, ఆన్ చేసి మళ్ళీ ప్లే. మళ్ళీ గుయ్య్య్య్!

శర్మకు చెమటలు పట్టాయి. అంతలో అతని చూపు తంబుర వాయించే నాంచారమ్మ మీద పడింది.

"ఈవిడే ప్రభూ! నిద్రలో కూడా శ్రుతి పట్టే మనిషి. తిండి ఆపితే గానీ ఆ గొంతు మూతపడదు!"

"అయితే గుయ్యిమన్నవాళ్ళకు నేటి నుంచి కోట భోజనం బంద్!" అన్నారు రాజు గారు.

ఆ భోజనం తప్ప నాంచారమ్మకు వేరే ఆధారం లేదు. ఆవిడ కళ్ళనీళ్ళు చూసి, రాజు గారిని నవ్వించే కొలువులో ఉన్న సుంకన్నకు ఒళ్ళు మండింది. అతను ఇందాకటి నుంచి ఒకటి గమనిస్తున్నాడు. రాజు గారు ప్లే ఆపేసి కేకలేస్తున్నా స్పీకర్ల గుయ్యి ఆగలేదు. నాంచారమ్మేమో రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. సుంకన్న చూపు లాప్‌టాప్ నుంచి గోడదాకా పాకిన తీగ మీద నిలిచింది.

"శిక్ష బ్రహ్మాండం మహారాజా! అమలు చేసే భాగ్యం నాకివ్వండి."

"ఇచ్చాం."

"శర్మ గారూ, గుయ్యిమన్నది ఎవరైనా సరే తిండి ఆపాల్సిందే కదండీ?"

"మా తాతైనా సరే!" శర్మ రొమ్ము విరిచాడు.

సుంకన్న నాంచారమ్మ వైపు నడిచాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. అతను ఆవిడను దాటుకుని పోయి, లాప్‌టాప్ ఛార్జరు పీకేశాడు.

గుయ్యి ఠక్కున ఆగింది. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం.

"ఏం చేశావయ్యా?" రాజు గారు నోరు తెరిచారు.

"తిండి ఆపాను మహారాజా! ఇది గోడలోంచి కరెంటు మేస్తూ కూనిరాగం తీస్తోంది. బ్యాటరీలో దాచుకున్నది ఉందిగా, పాటయ్యాక పెడదాం. తింటూ పాడితే పిచ్చి మొగుడొస్తాడని మా అమ్మమ్మ ఊరికే అనలేదు..."

సుంకన్న శర్మను ఎగాదిగా చూశాడు.

"ఇదిగో, వచ్చేశారు!"

సభ గొల్లుమంది. రాజు గారు పొట్ట పట్టుకుని నవ్వితే కిరీటం జారి ఒళ్ళో పడింది. అందరికన్నా పెద్దగా నవ్వింది నాంచారమ్మే. రాజు గారు తన హారం తీసి సుంకన్న మెడలో వేశారు. నాంచారమ్మకు ఆ పూటే వెండి కంచంలో విందు.

శర్మకూ కొత్త కొలువు దొరికింది. రాజు గారు నిశ్శబ్దం వింటున్నంతసేపూ ఊడదీసిన ఛార్జరు చేత పట్టుకుని నిలబడాలి, నోరు మూసుకుని.