తుమ్ములమ్మ మిట్ట

తుమ్ములమ్మ మిట్టపై భక్తులకు పూల వాసన కంటె ముందు మిరియాల ఘాటు ఎదురవుతుంది. గర్భాలయంలో విగ్రహం లేదు. పసుపు పూసి నిలిపిన నూరుడు పొత్రమే అమ్మవారు. శొంఠి, మిరియాలు, తాటిబెల్లం వేసి కాచిన కషాయమే తీర్థం. తాగినవారు "బాగుంది" అనరాదు. "వేడిగా ఉంది" అనాలి.

పూర్వం మిట్ట కింది పల్లెలో ఓబుళమ్మ, గురవమ్మ అనే తోడికోడళ్లు ఉండేవారు. ఎవరికి రొంప పట్టినా కషాయం కోసం చిన్నకోడలు గురవమ్మ గడప తొక్కేవారు. పెద్దకోడలు ఓబుళమ్మకు ఇది కంటగింపుగా ఉండేది. ఆమె కూడా అవే దినుసులు, అవే పాళ్లలో నూరి కాచి ఊరంతా పంచింది. జనం మర్యాదగా పుచ్చుకుని పెరట్లో పారబోశారు. ఆ ఏడు ఊళ్లో బంతి మొక్కలు బాగా పూశాయి. అంతవరకు ఆమె ఓర్చుకుంది. కానీ ముక్కుదిబ్బడతో ఉన్న సొంత మొగుడు తిమ్మయ్య గోడ దూకి మరదలి కషాయం తాగివచ్చాడు. మీసాలకంటిన బెల్లం తుడుచుకోవడం కూడా మరిచాడు.

మహత్తంతా గురవమ్మ పొత్రంలోనే ఉందని ఓబుళమ్మకు తోచింది. ఒక మధ్యాహ్నం దాన్ని కొంగు కింద దాచుకుని, మిట్ట అవతలి వాగులో పడవేయాలని బయలుదేరింది. పొత్రానికంటిన మిరియాల పొడి ముక్కుకెక్కి, గడప దాటగానే ఒంటి తుమ్ము వచ్చింది. మరొకరైతే వెనుదిరిగి కాసేపు కూర్చునేవారు. చేతిలో దొంగసొత్తు ఉన్నవారు ఎక్కడ కూర్చుంటారు? మిట్టెక్కేసరికి తుమ్ములు వరుసకట్టాయి. పొత్రం జారి నేలపై నిటారుగా నిలిచింది. ఎంత లాగినా కదలలేదు.

అంతలో గొర్రెలకాపరికి కషాయం తీసుకుని గురవమ్మ అటు వచ్చింది.

"ఇది మా పొత్రం గదక్కా. ఇంత దూరం ఎట్లొచ్చె?"

"నన్నడుగుతావేమే? దేవతేమో, నడిచొచ్చింటాది," అంది ఓబుళమ్మ తుమ్ముల మధ్య.

"దేవతను చూసి ఎవరన్నా ఇన్ని తుమ్ములు తుమ్ముతారా? ఈ రెండు గుక్కలు తాగు."

తాగింది. తుమ్ములు ఆగాయి.

"ఎట్లుందక్కా?"

ఓబుళమ్మ మూతి తుడుచుకుని చెంబు తిరిగి ఇచ్చింది.

"వేడిగా ఉంది," అంది.

తెల్లవారుజామున అమ్మవారు ఆమెకు కలలో కనిపించి, "నీవు అబద్ధమనుకుని ఆడిన మాట నిజమే. నన్ను అక్కడే నిలిపి, నీవు మిరియాలు, చిన్నది శొంఠి నూరండి" అని ఆనతిచ్చింది. ముందుగా ఎవరి పేరు చెప్పుకోవాలని ఓబుళమ్మ అడిగింది. అమ్మవారు ఒక తుమ్ము తుమ్మి అదృశ్యమైంది. నాటినుండి తుమ్ములమ్మ అయింది.

నేటికీ పెద్దింటివారు మిరియాలు, చిన్నింటివారు శొంఠి నూరుతారు. రెండూ ఒకే కాగులో పడతాయి కనుక ఎవరిది గొప్పో ఇంతవరకు తేలలేదు. మిట్టపై శాంతి అందువల్లనే నిలిచింది. "వేడిగా ఉంది" అని చెంబు తిరిగి ఇచ్చినవారికి రొంప వదులుతుందని, పక్కింటివారి మేలు చూసి కడుపులో పుట్టే మంట కూడా ఆ పూటకు చల్లారుతుందని పెద్దల మాట. మరుసటి పూటకు మళ్లీ రావాలి.