పూరేడు గూటి కాపలా

ఈ సంగతి మొదట చెప్పినవాడు నీళ్ళ ట్యాంకరు నడిపే వన్నూరప్ప. ఆ పొద్దు అక్కడే ఉన్నవాడు. తరవాత చెప్పినవాళ్ళు ఇందులోకి పామును తెచ్చినారు, గద్దను తెచ్చినారు. పాము లేదు, గద్దా లేదు. ఉన్నది ఒక పూరేడు పిట్ట, దాని గూడు, వన్నూరప్ప కాక నలుగురు మనుషులు.

ఇసుక దిబ్బలు ఊరి మీదికి నడిచొచ్చే అనంతపురం సీమలో, దిబ్బలకు ఆనుకొని కట్టిన కాలనీలో ఎల్లప్పయ్య అనే గురువు ఉండేవాడు. అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. శిష్యుడు రుద్రముని ఒక ఉదయం అడిగినాడు: “అయ్యా, మోసం చేసేవాణ్ణి, వాడు చెయ్యకముందే గుర్తుపట్టేదెట్లా?”

అడిగేటప్పుడు రుద్రముని మనసులో ఉన్నది నాగులప్ప. ఆ కాలనీలో ఇళ్ళు బాడుగకిచ్చే బసమ్మ దగ్గర చివరిగదికి కొత్తగా వచ్చినాడు. ఒకప్పుడు ఉచ్చులు పన్ని పూరేళ్ళను పట్టి సంతలో అమ్మిన మనిషి. మానేసినానంటాడు. మానేసినాననే మాట ఎవడైనా అంటాడు.

“బసమ్మ చివరిగది ఎదుటి గడ్డిదుబ్బులో పూరేడు గుడ్లు పగులుతుండాయంట. పోయి చూసిరా, చెప్తా” అన్నాడు గురువు.

రుద్రముని అడుగుల చప్పుడుకు తల్లిపిట్ట తుర్రుమని లేచి కంపలోకి దూరింది. గుడ్ల మీద సన్నని బీటలు. లోపలినుంచి కీచుకీచుమని పిలుపు. చూసి వెనక్కి తిరగబోయినాడు. ఎదురుగా తన గడపలో కూర్చుని, ఆ దుబ్బునే చూస్తున్నాడు నాగులప్ప. అంతే, రుద్రముని కట్టె పట్టుకొని గూటి పక్కనే చతికిలబడినాడు.

“ఏం నాగులప్పా, నోరూరుతాందా?”

“రుద్రమునన్నా, రోంత ఎనక్కి పో. నువ్వుంటే తల్లి రాదు.”

“నేను లేస్తే నువ్వొస్తావు. తెలుసులే.”

ఈ మాటలు విని బసమ్మ వచ్చింది. “ఒక్క పిల్ల మాయమైనా నీ తట్టాబుట్టా బజార్లో ఉంటాయి, చెప్తున్నా” అని నాగులప్పను బెదిరించి పోయింది.

ఎండ ముదిరింది. తల్లి రెక్కల నీడ లేని గుడ్ల చుట్టూ ఇసుక పెనంలా కాలుతోంది. లోపలి పిలుపులు సన్నబడుతున్నాయి. అది రుద్రమునికీ వినబడుతూనే ఉంది. లేద్దామనుకుంటాడు, గడప వైపు చూస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు.

నాగులప్ప లేచినాడు. గదిలోకి పోయి తలుపు మూసుకొని, లోపలినుంచి కేకేసినాడు: “అన్నా! బయట గడియ పెట్టుకో. ఇప్పుడన్నా లెయ్యి.”

రుద్రముని పోయి గడియ పెట్టినాడు. పెట్టి గుంజి చూసినాడు. వెనక కిటికీకి కమ్ములున్నాయో లేదో కూడా చూసుకొని, ఆ తరవాతే దూరంగా గోడనీడకు చేరినాడు. కాసేపటికి తల్లి వచ్చింది, రెక్కలు పరచి గుడ్ల మీద వాలింది. దాని కింద పెంకులు ఒక్కొక్కటే విడినాయి. తడి ఆరీ ఆరకముందే పిల్లలు కందిగింజల్లా దొర్లుకుంటూ తల్లివెంట దిబ్బెక్కి పోయినాయి. ఒక గుడ్డు మాత్రం అట్లే ఉండిపోయింది. రుద్రముని దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాడు. చప్పుడు లేదు.

దాన్ని తెచ్చి గురువు ముందర పెట్టి, జరిగినదంతా చెప్పినాడు. గడియ పెట్టిన సంగతి కొంచెం గర్వంగానే చెప్పినాడు.

“దొంగ వచ్చినాడా?”

“రాలేదయ్యా.”

“తల్లినన్నా రానిచ్చినావా?”

రుద్రముని నోరు తెరిచేలోపు బసమ్మ చెంగు దోపుకుంటూ వచ్చింది. “చూస్తివా సామీ! గూట్లో ఉత్త పెంకులు! ఈకలు కూడా ఆరని పిల్లలు యాడికి పోతాయి? ఆ ఉచ్చులోడు మింగేసి పారిపోయినాడు. తలుపుకు బయట గడియ పెట్టుండాది! తట్టాబుట్టా బయటేస్తా, రమ్మను వాణ్ణి!”

అనేసి వచ్చినంత వేగంగానూ వెళ్ళింది. రుద్రముని తల వంచుకొని ఆ గుడ్డునే చూస్తూ కూర్చున్నాడు.

గురువు ఆ గుడ్డును అతని వైపు జరిపినాడు. “రుద్రమునీ, ఆయమ్మకు తెలియంది నీకు తెలుసు. ఆయమ్మ గడియ తియ్యకముందే, గడియ పెట్టింది నువ్వేనని, పిల్లలు తల్లివెంట పోయినాయని పోయి చెప్పు. నీ కాపలాలో పోయిన ఆ గుడ్డు కూడా చేత్తో పట్టుకొని పో” అన్నాడు.