ఎలుగుబంటి నాలుక చెప్పిన తీర్పు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏటి ఒడ్డున వరసగా తిండి కొట్లే! పొద్దున్నే ఆ ఘుమఘుమలకు బద్ధకపు కొండచిలువ కూడా తల ఎత్తి చూసేదర్రా పిల్లలూ.

ఒకనాడు మృగరాజు చాటింపు వేయించాడు. "అడవిలోకెల్లా మంచి కొట్టు ఏదో తేలుస్తాం. దానికి పూలతోరణం కడతాం. అన్నిటికన్నా చెత్త కొట్టు ఏటి ఒడ్డు వదిలి పోవాలి!"

తీర్పు చెప్పే పని ఎలుగుబంటి భద్రప్పకు దక్కింది. అతను సంతోషం పట్టలేకపోయాడు. పక్షపాతం లేనివాడని అడవంతా అతనికి పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

"ఎవరి కొట్టో తెలిస్తేనే కదా పక్షపాతం! కళ్ళకు గంతలు కట్టుకుని తింటాను," అన్నాడు. అందరూ ఈలలు వేశారు. కళ్ళకు టేకాకు కట్టారు.

మొదట ఉడుత చారలమ్మ తేనె ఉండ పెట్టింది. "ఆహా! ఇంకోటి పెట్టండి!" అంటూ భద్రప్ప గంతులేశాడు. తర్వాత కోతి పనసతొనలు పెట్టాడు. "బాగున్నాయి, బాగున్నాయి!" అంటూ వేళ్ళు నాకాడు.

చివరికి రామచిలుక కెంపమ్మ ఎర్ర మిరపపండ్ల పచ్చడి పెట్టింది. అంతే! భద్రప్ప "బాబోయ్, మంట!" అని అరుస్తూ ఏట్లోకి దూకాడు.

"ఇదే చెత్త కొట్టు!" అన్నాడు నీళ్ళలోంచే.

కెంపమ్మ గుండె గుభేలుమంది. కొట్టు పైనే ఉన్న గూట్లో ఇంకా ఎగరడం రాని మూడు పిల్లలు. ఆ కొట్టే వాళ్ళకు ఆధారం.

"భద్రప్ప మామా, ఒక్క మాట," అంది ఏడుపు ఆపుకుంటూ. "ఇవే గంతలు అదిగో, ఆ కొమ్మ మీద కూర్చున్న గోరింకకు కట్టించు."

కట్టించారు. గోరింక తేనె ఉండ పొడిచి చూసింది. "ఛీ, ముక్కుకు జిగురులా అంటుకుంది!" అంది. మిరప పచ్చడి తిన్నది. "అబ్బ, ఎంత కమ్మగా ఉందో! మంటా? మంటెక్కడుంది?" అంది.

భద్రప్ప తెల్లబోయాడు.

"మామా, కళ్ళకైతే గంతలు కట్టావు. మరి నాలుక నీదే కదా! మా పిట్టలకు మిరప మంటే తెలియదు!" అంది కెంపమ్మ.

మృగరాజు మీసం దువ్వాడు. "భద్రప్పా, నువ్వు చెప్పిందే ఖాయం చేస్తాను. వెనక్కి తీసుకుంటే మాత్రం నీ పేరు పోతుంది. ఆలోచించుకో."

భద్రప్పకు సిగ్గేసింది. తలవంచుకుని గూటి వైపు చూశాడు. మూడు చిన్న ముక్కులు బయటికి తొంగిచూస్తున్నాయి.

"పేరు పోతే పోనివ్వండి ప్రభూ!" అన్నాడు గట్టిగా. "నేను చెప్పింది అడవి తీర్పు కాదు. ఒక ఎలుగుబంటి తీర్పు. అమ్మా కెంపమ్మా, నన్ను మన్నించు. నీ కొట్టు ఎక్కడికీ పోదు!"

పిట్టలన్నీ ఒక్కసారి రెక్కలు కొట్టి కేరింతలు పెట్టాయి. ఏటి ఒడ్డు దద్దరిల్లిపోయింది! మృగరాజు కూడా నవ్వేసి, పూలతోరణాన్ని తుంచి ప్రతి కొట్టుకూ ఒక ముక్క కట్టించాడు.

ఆ తర్వాత కొత్తవాళ్ళు వచ్చి, "ఇక్కడ మంచి కొట్టు ఏది?" అని అడిగితే భద్రప్ప ముందు వాళ్ళ మూతి చూసేవాడు. పిట్ట ముక్కు ఉంటే కెంపమ్మ కొట్టుకు పంపేవాడు. తను మాత్రం ఆ దారిన ముక్కు మూసుకుని పరుగో పరుగు!

నీతి: మన నాలుకకు నచ్చిందే అందరికీ గొప్పదని తీర్పు చెప్పకూడదు. పొరపాటు తెలిశాక తీర్పు మార్చుకున్నవాడే నిజమైన న్యాయమూర్తి.