రాతిగోడ మీద ఆరు బొమ్మలు

సింగనవరం కోటలో త్రిపురాంతకయ్య అనే న్యాయాధికారి ఉండేవాడు, ఆయనకు ధర్మశాస్త్రాలన్నీ కంఠస్థమే కానీ పిల్లల మాటను మాత్రం ఏనాడూ సాక్ష్యంగా ఒప్పుకునేవాడు కాదు. "పసివాళ్లు కలనూ నిజాన్నీ కలిపి చెబుతారు" అనేవాడు. సభలో పిల్లలెవరైనా నోరు తెరిస్తే బంట్లు వచ్చి బయటికి తీసుకుపోయేవారు.

ఆ రోజుల్లో సింగనవరానికీ, ఏటి అవతల ఉన్న దేవులకొండకూ మూడేళ్లు యుద్ధం జరిగింది. ఏటికి రెండు వైపులా పల్లెలు కాలిపోయాయి. జనం చేతికందిన బిడ్డను చంకనేసుకుని దారి దొరికిన వైపు పరుగెత్తారు. చివరికి రాజులిద్దరూ అలసిపోయి సంధి చేసుకున్నారు.

సంధి కుదిరిన నెలకు, సైనికులు ఏడుగురు పిల్లల్ని సభకు తీసుకొచ్చారు. వాళ్లు పాడుబడిన రాళ్లగనిలో దొరికారు. అందరిలోకీ పెద్దది పోలి. పదకొండేళ్ల కుమ్మరి పిల్ల. మిగతా ఆరుగురూ ఎనిమిదేళ్ల లోపువాళ్లే. ఒక్కొక్కరుగా గనికి చేరిన ఆ పసివాళ్లకు అడవి దుంపలు తవ్విపెట్టి, పద్నాలుగు నెలలు బతికించింది పోలే.

సింగనవరం చట్టం ప్రకారం, అయినవాళ్లు వచ్చి అడిగితే బిడ్డను వాళ్లకు అప్పగించాలి. ఎవరూ రాకపోతే ఆ బిడ్డ కోటలో ఊడిగం చేస్తూ పెరగాలి.

మొదట వచ్చినవాడు వీరమల్లు అనే దళనాయకుడు. అతను నాలుగేళ్ల పాపను చూపించి, "ఈమె చనిపోయిన మా తమ్ముడి కూతురు. పేరు రంగసాని" అన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు అవునని ప్రమాణం చేశారు.

పోలి ముందుకు వచ్చింది. "అయ్యా, దీని పేరు ముత్తమ్మ. దీని వాళ్లు ఏటి అవతల ఉన్నారు. కావాలంటే దాన్నే అడగండి" అంది.

"పిల్లల మాట సాక్ష్యం కాదు" అన్నాడు త్రిపురాంతకయ్య. తీర్పు మీద ముద్ర వేశాడు.

వీరమల్లు పాపను ఎత్తుకుని బయలుదేరాడు. పోలి ఏడవలేదు. కోట వాకిలి దాకా పక్కనే నడిచింది. పాప చెవి దగ్గర నోరు పెట్టి, "రోజూ చెప్పుకో ముత్తీ. ఒక్క పూట కూడా మానకు" అంది. మిగిలినవాళ్లను ఎవరూ అడగలేదు. పోలినీ, ఆ అయిదుగురినీ కోట వంటశాలలో పనికి పెట్టారు.

పన్నెండు రోజుల తర్వాత, ఏటి అవతల నుంచి సూరక్క అనే సాలె ఇంటి ఆమె సభకు వచ్చింది. ఆమె పాదాలు పగిలి ఉన్నాయి.

"ముట్టడి రోజున మా అత్త నా బిడ్డను ఎత్తుకుని పరుగెత్తింది. అప్పటికి బిడ్డకు మూడేళ్లు నిండలేదు. ఆ తర్వాత ఇద్దరూ కనబడలేదు. ఇది పదకొండో ఊరు నేను వెతకడం" అంది.

"బిడ్డ పేరు?"

"ముత్తమ్మ."

త్రిపురాంతకయ్య వెంటనే పోలిని పిలిపించాడు. "ఆ పాప పేరు నీకెవరు చెప్పారు?" అని అడిగాడు.

"వాళ్ల అవ్వ చెప్పిందయ్యా. గనికి వచ్చిన మూడో రోజున చనిపోయింది. పోయేముందు ఇంటి సంగతంతా చెప్పింది."

"ఏడాది కిందట విన్నది ఇప్పటికీ ఎలా గుర్తుంది?"

"నాకు రాయడం రాదు. అందుకని గోడ మీద వేసిపెట్టాను" అంది పోలి.

మర్నాడు పొద్దున్నే ఆయన పోలినీ సూరక్కనూ వెంటబెట్టుకుని గనికి వెళ్లాడు. లోపల రెండు తాటిచెట్ల ఎత్తున రాతిగోడ ఉంది. పైనుంచి ఎండ దాని మీద పడుతోంది. ఆ వెలుగులో గోడ పొడుగునా బొగ్గుతో, ఎర్రరాయితో గీసిన ఆరు పెద్ద బొమ్మలు కనిపించాయి. ఒకదానిలో పడవ, దాని మీద తెడ్డు పట్టుకున్న మనిషి. ఇంకొకదానిలో గొర్రెల దొడ్డి, అయిదుగురు అన్నదమ్ములు. మరొకదానిలో రెండు మగ్గాలు, గట్టు విరిగిన బావి, కర్ర ఊతంగా నిలబడ్డ మగమనిషి, అతని పక్కన ఒక ఆడమనిషి.

సూరక్క గోడకు చెయ్యి ఆనించి అక్కడే కూలబడింది. "మా ఇల్లే. మా ఆయనే" అంది.

"వానకు చెరిగిపోయేవి. మళ్లీ వేసేదాన్ని" అంది పోలి. "గనికి వచ్చిన రోజే ప్రతి ఒక్కరినీ అడిగి వేశాను. ఆలస్యమైతే మరిచిపోతారని. పొద్దున్నే ఎవరి బొమ్మ దగ్గర వాళ్లు నిలబడి, అమ్మ పేరూ నాన్న పేరూ ఊరి పేరూ చెప్పాలి. చెప్పాకే తిండి."

ప్రతి బొమ్మ కిందా, పసిబిడ్డ చెయ్యి అందేంత ఎత్తులో, రాయి నున్నగా మెరుస్తోంది. చిన్న చిన్న అరచేతులు రోజూ ఆని ఆని అలా అయింది. త్రిపురాంతకయ్య గర్భగుడి ముందు నిలబడ్డవాడిలా, కాలి చెప్పులు విడిచి దూరంగా పెట్టాడు.

"మరి నీ బొమ్మ ఏదమ్మా?" అని అడిగాడు.

"మావాళ్లు పోవడం నేను చూశానయ్యా. నన్ను వెతికేవాళ్లు లేరు" అంది పోలి.

అటునుంచి అటే వాళ్లు వీరమల్లు ఇంటికి వెళ్లారు. త్రిపురాంతకయ్య పాప ఎదుట నేల మీద కూర్చున్నాడు. "నీ పేరేమిటి తల్లీ?" అని అడిగాడు. ఇన్నేళ్లలో అంత పసిబిడ్డను ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

పాప చేతులు కట్టుకుని గడగడా చెప్పింది. "నా పేరు ముత్తమ్మ. మా అమ్మ సూరక్క. మా నాన్న ఓబన్న. మా ఊరు కొత్తమగ్గాల. మా బావి గట్టు విరిగింది. మా అవ్వ గని దగ్గర పడుకుంది."

వీరమల్లు తల వంచుకున్నాడు. "నా కూతురు ముట్టడిలో పోయిందయ్యా. నా భార్య అన్నం మానేసింది. ఈ పాపను బాగా చూసుకుంటే అబద్ధం పాపం కాదనుకున్నాను" అన్నాడు.

"అబద్ధం మీది. దాని మీద ముద్ర వేసిన చెయ్యి నాది" అన్నాడు త్రిపురాంతకయ్య.

సూరక్క చేతులు చాచింది. కానీ పాప ఆమె దగ్గరికి పోలేదు. తల్లి పేరు తెలుసు గానీ మొహం గుర్తులేదు. పాప పోలి వైపు తిరిగి, "అక్కా, బొమ్మలో అమ్మ ఈమేనా?" అని అడిగింది.

"ఈమే. పో" అంది పోలి.

అప్పుడు పాప మెల్లగా నడిచివెళ్లి సూరక్క కొంగు పట్టుకుంది.

మర్నాడు త్రిపురాంతకయ్య నిండుసభలో తన తప్పు చెప్పుకున్నాడు. పిల్లలందరినీ ఊడిగం నుంచి విడిపించాడు. గోడ మీది గుర్తులు చెప్పి వాళ్ల వాళ్లను వెతికి రమ్మని వీరమల్లునే ఏటి రెండు వైపులకూ పంపాడు. నాలుగు నెలల్లో నలుగురికి ఇళ్లు దొరికాయి. గొర్రెల కాపరుల పిల్లవాడు ఎల్లయ్యకు మాత్రం అయిదుగురు అన్నల్లో ఒక్కరూ మిగల్లేదు.

మిగతా పిల్లలు ఇళ్లకు చేరారని తెలిసి సూరక్క మళ్లీ కోటకు వచ్చింది. "నాతో రా తల్లీ. నేను లేని రోజుల్లో నా బిడ్డను తల్లిలా పెంచావు" అంది పోలితో.

"ఎల్లయ్య కూడా వస్తేనే వస్తాను" అంది పోలి.

"ఇద్దరూ రండి" అంది సూరక్క.

వాళ్లు ఏరు దాటేదాకా త్రిపురాంతకయ్య గట్టు మీద చెప్పులు లేకుండా నిలబడి చూశాడు.

నీతి: పెద్దలు చేసే యుద్ధాలకూ, పెద్దలు చెప్పే తీర్పులకూ ముందుగా చెదిరిపోయేది పిల్లల బతుకే, కాబట్టి వాళ్ల గురించి ఏది నిర్ణయించాలన్నా ముందు వాళ్ల మాట వినాలి.