ఆడసాక్ష్యం చెల్లదన్న రాజు

అనగనగా ఒక ఊళ్ళో, ఆకుతోటల ఊరర్రా అది, అచ్చాయమ్మని ఒక కోడలుండేది. మొగుడు పోయాడు. మామ భద్రయ్య మంచాన పడ్డాడు. పొద్దున లేస్తే తమలపాకు తీగలకి నీళ్ళు, మామకి గంజి. తీగలకి కట్లు కట్టడం, మామకి కాళ్ళు పట్టడం. తొమ్మిదేళ్ళు చేసింది! ఊ కొడుతున్నారా?

పోయేముందు ముసలాయన, తోట నా కోడలిదే అన్నాట్ట. పాలు పోసే గౌరమ్మ విన్నది, పక్కింటి సీతాలు విన్నది. ఆ రోజుల్లో పోయేవాళ్ళ నోటిమాట ఇద్దరు వింటే చాలు, అదే వీలునామా.

పదోరోజు కాకుండానే రాజు చట్టం మార్చేశాడు. విన్నవాళ్ళు మగాళ్ళయితేనే చెల్లుతుందిట, మొన్న పోయినవాళ్ళ మాటకైనా ఇంతేట. ఎందుకంటే ఆడవాళ్ళు వినేదొకటి, చెప్పేదొకటిట. వాడి మొహం! చెప్తుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

ఇంకేం, భద్రయ్య అన్నకొడుకు వీర్రాజు ఊడిపడ్డాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కనాడు తొంగిచూసిన పాపాన పోలేదు. తోటకి తాళం వేసి, కోడల్ని పొమ్మన్నాడు.

అచ్చాయమ్మ ఏడ్చిందనుకున్నారా? ఏడవలా. కొంగు బిగించి, గౌరమ్మనీ సీతాలునీ వెంటేసుకుని నడిచి నడిచి, నడిచి నడిచి, రాజుగారి సభలో నిలబడింది. మామగారి మాట వీళ్ళిద్దరూ విన్నారంది. ఆడవాళ్ళు వింటే విన్నట్టు కాదన్నాడు రాజు. సభంతా పకపకా నవ్వింది.

రాజు పక్కన తమ్ముడున్నాడు. ఇద్దరూ కవలలు.

"మహారాజా, మీ ఇద్దరిలో ముందు పుట్టిందెవరండీ?" అని అడిగింది.

నేనే, అందుకే సింహాసనం నాది అన్నాడు.

"చూసిందెవరండీ?"

మంత్రసాని అన్నాడు. అని, నాలిక్కరుచుకున్నాడు.

"పురుటిగదిలో మగాళ్ళెంతమంది ఉన్నారండీ?"

ఒక్కడు నవ్వితే ఒట్టు! తమ్ముడు మాత్రం సింహాసనాన్ని ఎగాదిగా చూడ్డం మొదలుపెట్టాడు. రాజుకి ముచ్చెమటలు పోశాయి. సరేలే, నీ తోట నువ్వు తీసుకో, నీ ఒక్కదానికీ వదిలేస్తున్నా అన్నాడు.

నా ఒక్కదానికేమిటి, నీ దయ ఎవడిక్కావాలి, చట్టమన్నా కొట్టెయ్యి, సింహాసనమన్నా దిగు అందిట. అదీ, అలా అడగాలి!

సాయంత్రానికల్లా దండోరా వేశారు, ఎవరు విన్నా సాక్ష్యమేనని. వీర్రాజు వేసిన తాళం వాడిచేతే తీయించారు. అచ్చాయమ్మ తన తోటలో తను హాయిగా ఆకు కోసుకుంది.

కీర్తీ, వింటున్నావుటే? నీ మాట చెల్లదని ఎవడైనా అంటే, ఏ ఆడదాని మాట మీద కూర్చున్నావురా నువ్వు అని అడుగు. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు నిద్ర దారి పట్టండి.