చుక్కి చివరి మేత

సాయంత్రం నాలుగైంది. మబ్బు పట్టి ఉంది, గాలి లేదు.

కొండ కింద కోళ్ల పాకలోకి కొక్కెర తెగులు వచ్చి ఇరవై రోజులు. మెడలు వాలేసి పదకొండు కోళ్లు పోయాయి. ఒక్కదానికీ పాట లేదు. అంతకుముందు ఆ పాకలో ఎవరు పోయినా గిన్నెకోడి అవ్వ పాట ఎత్తేది. పోయినవాళ్లు చివరిసారి ఏం తిన్నారో దగ్గరున్నవాళ్లు చెప్పాలి. అదే మొదటి చరణం.

"ఏడుపు పాటలతో అందరికీ గుండె జారిపోతోంది, ఆపించు పుంజయ్యా" అంది నక్క. పెద్దపుంజు ఆపించేశాడు. తుమ్మితే తెగులు తగిలినట్టేనని, అలాంటివాళ్లకు కొండ మీద వైద్యం చేయిస్తానని తీసుకుపోయే పని కూడా నక్కే నెత్తినేసుకుంది.

ఎర్రపెట్ట కూతురు చుక్కి మూడు రోజుల కిందట తుమ్మింది. ఒకే ఒక్కసారి. తల్లే గుమ్మం దాకా నడిపించి నక్కకు అప్పగించింది.

ఇవాళ నక్క మళ్లీ వచ్చింది, తల వేలాడేసుకుని.

"ఏం చెప్పమంటావు చెల్లీ! చుక్కి నిన్న పొద్దున కన్నుమూసింది. చేయాల్సిందంతా చేశాను." అంటూనే పాకలోకి తొంగి చూసింది. "ఇవాళ ఎవరైనా తుమ్మారా?"

ఎర్రపెట్ట గిన్నెకోడి వైపు తిరిగింది. "అవ్వా, పాట ఎత్తు."

"వద్దన్నాను కదమ్మా" అన్నాడు పుంజు, నేల చూస్తూ.

"నీ పిల్ల పోయినప్పుడు ఆపుకో పుంజయ్యా. ఎత్తు అవ్వా."

గిన్నెకోడి గొంతు సవరించుకుంది. ఇరవై రోజుల తర్వాత ఆ గొంతు తుప్పు పట్టిన గిలకలా కీచుమంది. "చివర ఏం తిందో చెప్పు నాయనా. దగ్గరున్నది నువ్వే."

అందరూ చూస్తున్నారు. కాస్త కన్నీళ్లు కలిపితే పని జరిగిపోతుందనుకుంది నక్క. "జొన్నలే అవ్వా! బంగారుతల్లి, కడుపునిండా జొన్నలు. ఒక్క గింజైనా అరగలేదు పాపం."

"జొన్నలు తిన్నావమ్మా..." అని రాగం తీయబోయి అవ్వ ఆగిపోయింది.

"ఆ జొన్నలు నేను పెట్టినవి" అంది ఎర్రపెట్ట. "పంపిన పొద్దున."

"అదే చెల్లీ, నువ్వు..."

"మూడు రోజులైంది. నిన్న పోయినదానికి ఇంకా అరగలేదా? అరగలేదని నీకెట్లా తెలిసింది అన్నా? కడుపులోకి ఎట్లా చూశావు?"

నక్క నవ్వబోయింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మానికి అడ్డంగా, పాట విని పక్క కొట్టం నుంచి వచ్చిన ముసలెద్దు.

"పాట మధ్యలో లేచిపోతే ఎట్లా? ఉండు" అన్నాడు ఎద్దు. కొమ్ము ఒక్కసారే విసిరాడు. నక్క మళ్లీ లేవలేదు.

నక్క కొండ మీదికి తీసుకుపోయింది ఎనిమిది మందిని. రేపటికని దాచుకున్నవాళ్లు ఎవరైనా మిగిలారేమోనని ఎద్దు కొండెక్కాడు.

ఈలోపు అవ్వ ఆపలేదు. తెగులుకు పోయిన పదకొండు మందికీ వరసగా పాడింది. ఒకరికి నూకలు, ఒకరికి వానపాము. "నా తమ్ముడికి చెదలు" అన్నాడు పుంజు. తెగులుకు పోవడం వేరు, నక్క నోట పడటం వేరని అప్పటికిగానీ పాకకు తెలియలేదు. చావును చావుగా ఏడ్చింది కూడా ఆ సాయంత్రమే.

పోయినవాళ్లను పాడుకోని చోట, పొట్టన పెట్టుకునేవాడికి రోజూ పండగే.

ఎద్దు వెనక దిగి వస్తున్నవాళ్లను ఎర్రపెట్ట గుమ్మంలో నిలబడి లెక్కపెట్టింది. కుంటిపెట్ట, ఒకటి. బూడిదపెట్ట, రెండు.

మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఒకటి. రెండు.