నాలుగో జడ్జి

వరుస కాస్త అటూ ఇటూ అవుతుందేమో. ఈమధ్య ముందు జరిగినది వెనక గుర్తొస్తోంది. పూర్తిగా పోకముందే రాసి పెడుతున్నాను. మా తమ్ముడు దాలినాయుడు విజయనగరంలో తాలింఖానా నడుపుతాడు, కుర్రాళ్లకు కుస్తీ, గుద్దులాట నేర్పుతాడు. శిష్యులు ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, ఏదో ఒక పని చెబుతాడు.

అతని శిష్యుడు కిరీటి, గుద్దులూ తన్నులూ కుస్తీపట్లూ అన్నీ చెల్లే కొత్తరకం పోటీకి వెళ్లి ఓడి వచ్చాడు. జడ్జీలు ముగ్గురి పేర్లూ వేసి, పక్షపాతం చూపారని ఫిర్యాదు రాసుకొచ్చాడు. గురువు సంతకంతో అది సాయంత్రంలోగా పోటీ నిర్వాహకులకు అందకపోతే జాతీయ పోటీల్లో అతని చోటు పోయినట్టే.

"ఏటి మాస్టారూ ఇది? గుద్దులన్నీ నావి. ఆడు కాళ్లు లాగి పడేసి నా మీద పడుకున్నాడు. మార్కులు ఆడికి. కుస్తీ వచ్చినోడే గెలవాలా?"

దాలినాయుడు కాగితం చదివి మడతపెట్టాడు. బరిలో పరిచిన మెత్తపరుపు పక్కన కుర్చీ వేయించి, కిరీటిని కూర్చోబెట్టి, చేతికి పలకా సుద్దముక్కా ఇచ్చాడు. కుస్తీపట్లలో ఆరితేరిన సింహాద్రినీ, గుద్దుల్లో ఆరితేరిన గౌరీసునూ బరిలోకి దించాడు.

"ఐదు నిమిషాలు. గెలిచినోడి పేరు రాయి."

సింహాద్రి మూడుసార్లు పడేశాడు. మూడోసారి పడేసి, గంట కొట్టేదాకా గౌరీసు మీద నుంచి లేవలేదు. కిరీటి ఆలోచించకుండానే పలక మీద సింహాద్రి పేరు రాశాడు.

ఇద్దరూ లేచారు. సింహాద్రి చెవి కమిలిపోయింది, పెదవి చిట్లింది. గౌరీసు ఒంటి మీద గీత కూడా లేదు.

"కింద పడుకుని ఎన్ని గుద్దేవురా?" అన్నాడు సింహాద్రి, తువ్వాలు అద్దుకుంటూ.

"ఇరవై దాకా నెక్కెట్టేను. తర్వాత నీ బరువుకి మర్చిపోయేను," అన్నాడు గౌరీసు.

కిరీటి అరచేత్తో పలక తుడవబోయాడు. దాలినాయుడు పలక తీసేసుకున్నాడు.

"నాకు ఈ సింహాద్రి వీపే కనపడింది మాస్టారూ," అన్నాడు కిరీటి. కాగితం వైపు చూసి, "సంతకం పెట్టరా?" అని అడిగాడు.

దాలినాయుడు కాగితం మడత విప్పి అతని ముందుంచాడు. "పెడతాను. ఆ ముగ్గురి పేర్ల కింద నీ పేరు కూడా రాసి తే."

నీలవేణీ, మా దాలినాయుణ్ణి, అదే మీ నాన్నను, అడిగి ఈ పిల్లల పేర్లు ఒకసారి సరిచూడమ్మా.